ఎత్తుకున్నవాళ్ళే ఆపాలి

ఫణి ఎక్కడికెళ్ళినా ముందు కర్చీఫ్ వేస్తాడు. విజయనగరం కాంప్లెక్సులో బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు పట్టిన అలవాటు, అమెరికా వచ్చి ఇన్నేళ్ళయినా పోలేదు. గుళ్ళో భోజనాల దగ్గర, మా అబ్బాయి విహాన్ స్కూల్ ప్రోగ్రాముల్లో, ఆఖరికి ఎయిర్‌పోర్టులో గేటు దగ్గర కూడా మా అందరికీ కుర్చీలు పట్టేసి, మేం వచ్చేదాకా వాటిమీద చేతులు చాపుకుని కాపలా కాస్తాడు. ఎవరైనా ఆ కుర్చీ ఖాళీయేనా అని అడిగితే, మావాళ్ళు వస్తున్నారండీ అని ఎంత గర్వంగా చెబుతాడో. ఆ గర్వం చూసే ఇతన్ని చేసుకున్నానని స్నేహితురాలు నమ్రతతో ఒకసారి అన్నాను. అబద్ధమేమీ కాదు.

అందుకే ఆ ఆగస్టులో కొండల్లో పాత పాటల పండక్కి క్యాంపింగ్‌కి వెళ్ళినప్పుడు, గేటు తెరవగానే అతను చేసిన మొదటి పని కారు దిగి పరిగెత్తడం. చంకలో దుప్పటి. వాగు పక్కన రెండు చెట్ల మధ్య చదునైన జాగా చూసి దుప్పటి పరిచేసి, మూలకో నీళ్ళ బాటిల్ పెట్టి, నడుంమీద చేతులేసుకుని నిలబడ్డాడు. నేనూ విహానూ కార్లో, మా వెనక రాకేష్, నమ్రత, వాళ్ళ కృతి వాళ్ళ వ్యాన్‌లో, నిదానంగా వెళ్ళేసరికి అక్కడ నాకు ఈ పాటలు నేర్పే వెర్నా నిలబడి ఉంది. డెబ్బై దాటిన మనిషి, పొట్టి తెల్ల జుట్టు, భుజాన బాంజో.

అది ఏటా వాళ్ళ బృందం వలయంగా కూర్చుని వాయించే చోటట. వెర్నా దుప్పటిని చూసింది, ఫణిని చూసింది, కారు దిగుతున్న నన్ను చూసి ముక్కుతో నవ్వింది. కాస్త అటు జరిగి టెంట్లు వేసుకోండి, పాటలు మాత్రం మీ నిద్ర కోసం ఆగవు, తర్వాత నన్ను తిట్టుకోవద్దు అంది. ఫణి నా చెవిలో, "చూశావా, కర్చీఫ్ వేశాం కాబట్టి దొరికింది" అన్నాడు. అడక్కుండా పట్టుకున్న జాగా దక్కిందని అతని సంబరం. నేనూ నవ్వాను. ఆ నవ్వు తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఈ పాటల గోల నాకెలా అంటుకుందో చెప్పాలి. ఆ వసంతంలో విహాన్‌ని సాకర్‌కి తీసుకెళ్ళినప్పుడు, మేముండే క్యారీలో ఓ పార్కు షెడ్డు కింద పదిమంది ఫిడేళ్ళూ బాంజోలూ పట్టుకుని కూర్చున్నారు. ఓల్డ్ టైమ్ అంటారు దాన్ని. రేడియోలు రాకముందు ఆ కొండల్లో ఇళ్ళ వాకిళ్ళలో వాయించుకున్న పాటలు. నేను దూరంగా నడుస్తున్నదాన్ని టక్కున ఆగిపోయాను. వాళ్ళు కొన్ని పాటలకి ఫిడేలు తీగల్ని మార్చి శ్రుతి చేసుకుంటారు. ఆ శ్రుతి స ప స ప. అచ్చంగా మా వయొలిన్ మేష్టారు నాకు నేర్పిన శ్రుతి. పరాయి ఊళ్ళో మన ఇంటి వంట వాసన వచ్చినట్టయింది. ఆ సాయంత్రమే అల్మరాలోంచి వయొలిన్ దింపాను.

వాళ్ళతో కూర్చున్న మొదటి రోజే పరువు పోగొట్టుకున్నాను. మన కచేరీల్లోలాగా నా వంతు వస్తుందని ఎదురుచూసి, వచ్చిందనుకున్న చోట కళ్ళు మూసుకుని స్వరాల్లోకి వెళ్ళిపోయాను. కళ్ళు తెరిచేసరికి అందరూ వాయిద్యాలు ఒళ్ళో పెట్టుకుని నావైపే చూస్తున్నారు. ఇక్కడ ఎవరి వంతూ ఉండదు, అందరం ఒకటే పాట కలిసి వాయిస్తాం, మళ్ళీ మళ్ళీ, అంది వెర్నా. ఎప్పుడాపాలి మరి అని అడిగాను. ఎత్తుకున్నవాళ్ళే ఆపాలి అంది. పాట మొదలుపెట్టినవాళ్ళు ఇక చాలనుకున్నప్పుడు ఒక కాలు ముందుకి పైకెత్తుతారు. అది చూసి ఆ చుట్టు పూర్తిచేసి అందరూ ఒక్కసారి ఆపుతారు. మొదలుపెట్టినవాళ్ళు తప్ప ఇంకెవరూ ఆపకూడదు, అది మర్యాద కాదు.

ఇంటికొచ్చి చెబితే ఫణి పడీ పడీ నవ్వాడు. కుక్క కరెంటు స్తంభం దగ్గర ఎత్తినట్టా అని. ఆ ఎండాకాలమంతా విహానూ కృతీ మా ఇంట్లో ప్రతి పాటకీ కాలెత్తడమే.

చిక్కల్లా నాకే. నేను కుర్చీలో కూర్చుని వాయించలేను. చాప వేసుకుని, కుడికాలు ముందుకి పెట్టి, వయొలిన్ తల ఆ మడమ మీద ఆనిస్తేగానీ చెయ్యి ఆడదు. ఆ కాలు కదిపితే వయొలిన్ జారుతుంది. ఎడమకాలు మడిచి ఒంటికింద ఉంటుంది. ఎత్తడానికి నాకు కాలే లేదు. అందుకని అన్ని వారాలూ ఇంకొకళ్ళు ఎత్తుకున్న పాటలే వాయించాను, ఇంకొకళ్ళు ఆపినప్పుడే ఆపాను. కాలు లేకపోతే నోరుందిగా, గట్టిగా లాస్ట్ టైమ్ అని అరువు, అనేది వెర్నా. నాకు నోరు పెగిలేది కాదు. ఆ పండగలో ఎలాగైనా ఒక్క పాట నేను ఎత్తుకోవాలి. దానికోసమే వెళ్ళాను.

శుక్రవారం మధ్యాహ్నం మగాళ్ళిద్దరూ విహాన్‌ని తీసుకుని వాగులోకి వెళ్ళారు. నేనూ నమ్రతా క్యాంప్ స్టవ్ మీద టమాటా బాత్ చేస్తున్నాం. నేను ఉల్లిపాయలు తరుగుతుంటే కృతి చిప్స్ పాకెట్ పట్టుకుని నా పక్కన చేరింది.

"ఆంటీ, మీ ట్రాంపొలీన్ మాకే ఇస్తారు కదా? వేరేవాళ్ళకి ఇవ్వద్దు, ప్లీజ్."

ఎందుకిస్తాను తల్లీ, విహాన్ గంతులేస్తున్నాడుగా అన్నాను.

"బట్ టెక్సాస్‌లో మీకు అపార్ట్‌మెంట్ కదా. అంకుల్ డాడీకి చెప్పాడు. బ్యాక్‌యార్డ్ లేదు."

నమ్రత చేతిలో గరిటె ఆగిపోయింది. కృతిని డాడీ దగ్గరికి పొమ్మంది. పిల్ల పోలేదు, రెండోసారి గదిమితే పోయింది. నేను ఉల్లిపాయ తరుగుతూనే ఉన్నాను. తరగాల్సిన దానికంటే సన్నగా, ముద్దయ్యేదాకా తరిగాను.

"నీకు తెలుసనుకున్న అక్కా, ఒట్టు," అంది నమ్రత. "కాపెల్‌ల మా తమ్ముని ఇంటి దగ్గర అపార్ట్‌మెంట్ చూడుమని ఫణన్న రాకేష్‌కి చెప్పిండు. ఇద్దరు కలిసే అనుకున్నరని..."

ఎప్పుడు చెప్పాడని అడిగాను. జులై నాలుగో తారీఖు మా ఇంట్లో గ్రిల్ చేసుకున్న రోజట. ఆ రోజు నేను అందరికీ మొక్కజొన్న పొత్తులు కాల్చి, కారం నిమ్మకాయ రాసి చేతికిచ్చాను. మా ఇల్లు ఎక్కడికి కదలబోతోందో నా చేతి పొత్తు తింటున్న వాళ్ళందరికీ తెలుసు, నాకు తప్ప. తల కొట్టేసినట్టయింది. పొగ కళ్ళల్లోకి వస్తోందని చెప్పి అవతలికి వెళ్ళిపోయాను.

టెంట్లలో ఒక పెద్ద ఇబ్బంది ఉంది. పోట్లాడుకోవడానికి గోడలుండవు. పక్కవాళ్ళు ఆవులిస్తే మనకి వినబడుతుంది, మనం గుసగుసలాడితే వాళ్ళకి. భోజనాలయ్యేదాకా పళ్ళ బిగువున ఆగి, కార్లో ఛార్జర్ కనబడట్లేదు ఓసారి రా అని ఫణిని పిలిచాను. అద్దాలెత్తి ఏసీ పెట్టాను.

"కాపెల్ ఏంటి?"

అతను నీళ్ళు నమిలాడు. ఎవరు చెప్పారన్నాడు. కృతి ట్రాంపొలీన్ అడిగిందన్నాను. స్టీరింగు మీద తలవాల్చాడు. తర్వాత అంతా ఒక్క బిగిన చెప్పాడు. డాలస్ పక్కన ఆఫరట, మంచి టీమట. ఫోన్‌లో సరేనన్నాడట. ఆదివారం రాత్రిలోపు సైన్ చెయ్యాలట. పండగ పాడవకూడదని ఇంటికెళ్ళే దారిలో నాకు చెబుదామనుకున్నాడట.

అతని భయం నాకు తెలియనిది కాదు. ఫిబ్రవరిలో వాళ్ళ టీమ్‌లో సగంమందిని తీసేశారు. అప్పట్నుంచీ రోజూ పొద్దున్న లాప్‌టాప్ తెరిచి పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు అతని భుజాలు బిగుసుకోవడం నేను వంటింట్లోంచి చూస్తూనే ఉన్నాను. లాగిన్ అయ్యాక ఊపిరి వదిలేవాడు. అప్పుడు కాఫీ ఇచ్చేదాన్ని.

"మరి నా ఉద్యోగం?" అన్నాను.

"అక్కడ వెతుకుదాం ప్రసూనా. మనవాళ్ళు బోలెడుమంది ఉన్నారు, ఎవరో ఒకరు రిఫర్ చేస్తారు. దొరికేదాకా హెచ్-ఫోర్ మీద ఉండొచ్చు. కొన్నాళ్ళే."

"అరోరాలోనూ కొన్నాళ్ళే అన్నావు."

హెచ్-ఫోర్ అంటే మొగుడి వీసాకి కట్టిన తోక. ఉండొచ్చు, తినొచ్చు, ఉద్యోగం మాత్రం చెయ్యకూడదు. ఇప్పుడు కొందరికి పర్మిట్లిస్తున్నారుగానీ అప్పుడు నాకు లేదు, ఇప్పుడూ మా గ్రీన్‌కార్డు కాగితాలు అంతదాకా రాలేదు. క్యారీకి ముందు మేమున్న అరోరాలో, విహాన్ పుట్టక ముందూ పుట్టాకా ఏళ్ళ తరబడి మంచు చూస్తూ కూర్చున్నాను. చెప్పుల జత కొనాలన్నా ఫణిని అడిగేదాన్ని. అతనెప్పుడూ కాదనలేదు. అడగాల్సి రావడమే నాకు నరకం. క్యారీ వచ్చాక నా పేరు వీసా లాటరీలో తగిలి, ఉద్యోగం చేసుకునే నా సొంత హెచ్-వన్ వచ్చిన రోజు హాల్లో నేలమీద కూర్చుని ఏడ్చాను. మా ఆఫీసు వేరే రాష్ట్రం నుంచి పనిచేస్తానంటే ఒప్పుకోదు. ఈ మార్కెట్లో కొత్తది దొరికేది ఎప్పుడో దేవుడికే ఎరుక. కాపెల్ వెళ్తే మళ్ళీ ఆ కిటికీ దగ్గరికే వెళ్ళి కూర్చోవాలి. ఈసారి మంచుకి బదులు ఎండ చూస్తాను, అంతే తేడా.

"నా సీటు కూడా నువ్వే పట్టేశావా?" అన్నాను.

"మనకోసమే కదే," అన్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి అతనికి.

నిజంగా మాకోసమే. తనకోసం చేసుంటే నాలుగు తిట్టి దులిపేసుకునేదాన్ని. మాకోసం చేసినవాణ్ణి ఏమని తిట్టను? ఇంతలో విహాన్ వచ్చి అద్దంమీద కొట్టాడు. వాగులో చెప్పు కొట్టుకుపోయిందట. మాట అక్కడితో తెగిపోయింది.

శనివారమంతా వాన. బయటికెళ్ళడానికి లేదు. నలుగురం గొడుగు గుడారం కింద మడత కుర్చీల్లో కూర్చుని పేకాడుతున్నాం. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూడ్డంలేదు. ఫణి నాకు అడక్కుండా టీ తెచ్చాడు, భుజాలమీద శాలువా కప్పాడు, నేను ఓడిపోతుంటే తన జోకర్ పారేశాడు. ప్రతి మంచి పనికీ నాకు ఇంకాస్త మండుకొచ్చింది. పిల్లలిద్దరూ టెంట్‌లో ఐప్యాడ్ చూస్తున్నారనుకున్నాం.

రాకేష్ ఉండబట్టలేకపోయాడు. "వదినా, అన్న చేసింది తప్పే. నేను గూడ ముందుగాల మీకు చెప్పాల్సుండె. కానీ మార్కెట్ ఎట్లున్నదో మీకు ఎరుకే కదా. చేతికొచ్చిన ఆఫర్ ఎవరన్న ఇడిసిపెడ్తరా?"

"ముక్క వెయ్యి రాకేష్," అన్నాను.

అతను వేశాడు. నమ్రత అతని కాలు తొక్కడం నేను చూశాను. అప్పుడే విహాన్ టెంట్‌లోంచి తల బయటికి పెట్టాడు.

"అమ్మా, మనం మూవ్ అవుతున్నామా? కృతి సేస్ మనం మూవ్ అవుతున్నాం."

నేను ఫణివైపు చూశాను. అతను పేక ముక్కలకేసి చూస్తున్నాడు. ఇంకా తెలీదు నాన్నా అన్నాను. ఆ మాటకి ఫణి చివాల్న తలెత్తాడు. అతని లెక్కలో అది తెలిసిపోయిన విషయం. నా నోట తెలీదన్న మాట వస్తుందని అతను అనుకోలేదు.

సాయంత్రం వాన వెలిసింది. రేపు టిఫిన్ అవగానే బయల్దేరదామన్నాడు. ఆ కొండల్లో సిగ్నల్ లేదు, లాప్‌టాప్ ఇంట్లో ఉంది, దారిలో ట్రాఫిక్ ఎలా ఉంటుందో తెలీదు. ఆదివారం పొద్దున్న ఆఖరి వలయం, నేను వాయించాలి అన్నాను.

"ఒక్క పాట వాయించి వచ్చెయ్యి. నేను ఈలోపు టెంట్ విప్పేస్తా."

"సరే. ఒక్క పాట," అన్నాను.

ఆ రాత్రి ఒకే టెంట్‌లో, విహాన్‌కి అటొకరు ఇటొకరు పడుకున్నాం. ఒకరికొకరం నిద్రపోయినట్టు నటించాం.

పొద్దున్న గడ్డంతా తడి. ఎండ మాత్రం చక్కగా వచ్చింది. టెంట్ కడ్డీలు విప్పుతున్న చప్పుడు వినబడుతుంటే చాపా వయొలినూ పట్టుకుని వెర్నా వాళ్ళ దగ్గరికి వెళ్ళాను. పదిమందికి పైనే ఉన్నారు. చాప వేసి, కుడికాలు చాపి, తీగలు సరిచేసుకున్నాను. రెండు పాటలయ్యాక వెర్నా బాంజో మీదుగా నావైపు చూసి, నువ్వే, అంది. బతిమాలడం ఆమెకి అలవాటు లేదు.

ఆమె దగ్గర నేర్చుకున్న పాటే ఎత్తుకున్నాను. దానికి పేరు లేదు. వాళ్ళ నాన్న మేకల్ని తోలుకొస్తూ ఈలవేసే పాటట. మొదటి చుట్టు ఒక్కదాన్నే వాయించాను. ఒక గమకం పడబోయింది, ఆపుకున్నాను. రెండో చుట్టుకి వెర్నా అందుకుంది, తర్వాత గిటార్లు, వెనక నిలబడ్డాయన పెద్ద బేసు. నా పాట నా చేతుల్లోంచి లేచి నా చుట్టూ నిలబడింది. భయం పోయింది. ఎన్ని చుట్లయ్యాయో నాకు తెలీదు. ఒకటే పాట తిరిగి తిరిగి వస్తుంటే బుర్రలో రొద అణిగిపోయింది.

కళ్ళెత్తేసరికి ఫణి నిలబడి ఉన్నాడు. వేలికి కారు తాళాలు. వెనక రాకేష్ వాళ్ళ వ్యాన్ డిక్కీ మూసుకుంది, మా కారు నిండిపోయి ఉంది. నమ్రత పిల్లలిద్దరి చేతులూ పట్టుకుని నిలబడింది. ఫణి వాచీ చూపించాడు. నేను చూపు తిప్పేసుకున్నాను. మరో చుట్టు. తాళాలు గలగలలాడించాడు. మరో చుట్టు. ఒక్క పాటన్నావుగా అని పెదాలతో అన్నాడు. ఒక్క పాటే, ఇది ఇంకా అవలేదు.

అప్పుడతను నలుగురికీ నవ్వు మొహం పెట్టి, వలయం అంచుకి వచ్చి, కుడికాలు ముందుకి పైకెత్తాడు. కాస్త వేళాకోళంగానే. ఎండాకాలమంతా ఇంట్లో పిల్లలు చేసినట్టే. నేను ఆపలేను కదా, నాకు కాలు లేదు కదా, పాపం తనే సాయం చేస్తున్నాడు.

ఒక్కళ్ళూ ఆపలేదు.

బేసు ఆయన ఆ కాలు చూశాడు, చూసి నావైపు తిరిగాడు. గిటారు పిల్ల నావైపు తిరిగింది. వాయిస్తూనే ఒక్కొక్కళ్ళూ నావైపు తిరిగారు. ఆపమంటావా? నిన్నే అడుగుతున్నాం. మా ఇద్దరి మధ్యా అంతమంది కళ్ళు, ఒక్క జత కూడా అతనివైపు లేదు. ఫణి కాలు కాసేపు గాల్లోనే ఉంది. అతని చెవులు ఎర్రబడ్డాయి. కాలు మెల్లగా దించాడు.

నాకు జాలేసింది. చాలా జాలేసింది. లేచి వెళ్ళి చెయ్యి పట్టుకోవాలనిపించింది. కానీ కమాను ఆపలేదు.

అతను అటూ ఇటూ చూసి, ఎవరిదో ఐసు డబ్బా మీద కూర్చున్నాడు. ఎవరూ పట్టిపెట్టని చోట అతను కూర్చోవడం అదే మొదటిసారి చూశాను. తాళాలు జేబులో వేసుకున్నాడు. నేను వాయిస్తూ ఆలోచించాను. కాపెల్ మంచి ఊరే. ఉద్యోగం పోతే ఇంకొకటి వస్తుందేమో కూడా. వసంతంలో, కాఫీ ఇచ్చిన ఏదో ఒక పొద్దున్న, ప్రసూనా నాకు భయంగా ఉంది, ఇలా చేద్దామా అని అడిగుంటే, తిట్టుకుంటూ అయినా సరేననేదాన్నేమో. ఆ వసంతం అయిపోయింది. ఇప్పుడు సరేనంటే ఇంకెప్పుడూ ఎవరూ నన్ను అడగరు. ఆ మాట మనసులో గట్టిపడేదాకా వాయించాను. గట్టిపడ్డాక నోరు తెరిచాను.

"లాస్ట్ టైమ్!"

అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. ఎవరి టెంట్‌లోనో కుక్క మొరిగింది. వెర్నా నావైపు చూడనైనా లేదు, తలూపింది. ఆఖరి చుట్టు వాయించి అందరం ఒక్కసారి, షడ్జం మీద, ఆపాం.

కమాను వదులు చేసుకుంటూ తెలుగులో చెప్పాను. అక్కడ అర్థమయ్యేది మావాళ్ళకే.

"ఫణీ, నువ్వు సైన్ చెయ్యి. నీకు ఆ ఉద్యోగం కావాలి, వెళ్ళు. నేనూ విహానూ క్యారీలోనే ఉంటాం."

అతను చుట్టూ చూశాడు. "ఇందరిలోనా చెప్పేది?"

"కార్లో అడిగాను. నీకు వినబడలేదు."

నమ్రత వచ్చి తలెత్తకుండా నా చాప చుట్టడం మొదలుపెట్టింది. వెర్నాకి ఒక్క ముక్క అర్థం కాలేదు, అయినా అర్థం అడగలేదు. తర్వాత ఎవరు ఎత్తుకుంటారంటూ బాంజో చెవులు మెలితిప్పుకుంది. ఫణి లేచి నా దగ్గరికొచ్చాడు. వయొలిన్ పెట్టె అందుకుని, నింపేసిన కార్లోంచి రెండు సంచులు బయటికి తీసి, పెట్టె నలగకుండా వెనక సీట్లో విహాన్ పక్కన సర్దాడు. ఆ సంచులు దారంతా నా ఒళ్ళోనే ఉన్నాయి.

ఆ రాత్రి అతను సైన్ చేశాడు. సెప్టెంబరులో ఒక్కడే వెళ్ళాడు. క్యారీలో గుడికెళ్తే ఆడవాళ్ళు నన్ను ఒకలా చూశారు, విడిపోయారటగా అని నమ్రతని అడిగినవాళ్ళూ ఉన్నారు. మగాడు ఉద్యోగం కోసం వేరే ఊళ్ళో ఉంటే పాపం అంటారు, ఆడది తన ఉద్యోగం కోసం ఉండిపోతే ఏదో ఉందంటారు. సుఖంగా ఉన్నానని చెప్పను. విహాన్ నాతో వారాలపాటు ముభావంగా ఉన్నాడు. జ్వరమొచ్చిన పిల్లాణ్ణి పక్కన పెట్టుకుని మీటింగుల్లో మాట్లాడాను. ఒక్కో పొద్దున్న అలవాటుకొద్దీ రెండు కప్పుల కాఫీ కలిపి, రెండోది సింకులో పారబోశాను. ట్రాంపొలీన్ మాత్రం మా పెరట్లోనే ఉంది, కృతి శనివారాలు వచ్చి గంతులేసి పోతుంది.

దీపావళికి నేనూ విహానూ డాలస్ వెళ్ళాం. ఫ్లైటు ఆలస్యమైంది. విహాన్ చూస్తానన్న ఏదో ప్రోగ్రామ్ కోసం ఫణి అప్పటికే హాలుకి వెళ్ళిపోయి ఉన్నాడు, మమ్మల్ని క్యాబ్‌లో వచ్చెయ్యమన్నాడు. దారిలో ఉండగా ఫోన్ చేశాడు.

"ప్రసూనా, ముందు వరసలో మూడున్నాయి. కర్చీఫ్ వెయ్యనా?"

వెనక హాల్లో కుర్చీలు జరుపుతున్న చప్పుడు. ఎవరో అతన్ని అడుగుతున్నారు, ఆ సీట్లు ఖాళీయేనాండీ అని. మావాళ్ళు వస్తున్నారండీ అంటాడనుకున్నాను.

"ఒక్క నిమిషం ఆగండి," అన్నాడు ఫణి వాళ్ళతో. "అడుగుతున్నాను."

ఆగాడు. నేను ఫోన్ చెవికి ఆనించుకుని, అవతల అతని ఊపిరి వింటూ, ఇంకాసేపు అతన్ని ఆగనిచ్చాను.

"వెయ్యి," అన్నాను.